సామి చెయ్యి లేస్తే

జమ్మలమడుగు రోడ్డులో మక్బూల్ పాలిష్ ఫ్యాక్టరీకి వచ్చేవాళ్లు నాపబండను వేలి గెణుపుతో ఒక్క దెబ్బ కొట్టి చూస్తారు. ఖంగుమంటే కొంటారు, బొద్దుగా మోగితే పక్కన పెడతారు. పైకి నున్నగానే ఉన్నా లోపలెక్కడో సన్నటి నెర్రె ఉంటే బండ అట్లా మోగుతుంది. ఇల్లు కట్టుకునేవాడికి అది పనికిరాదు. శ్రీవిద్య మాత్రం ఆ పక్కన పెట్టిన కుప్ప దగ్గరే గొంతుక్కూర్చుంటుంది.

ఆమె వస్తే మక్బూల్ కాసేపు రంపం ఆపిస్తాడు. ఆపించినందుకు నాలుగు మాటలూ అంటాడు.

“ఏమ్మా, మంచి బండలు ఇన్ని పేర్చి పెట్టిండా. నీకు పగిలినేవే కావల్ల. మీ బెంగుళూరోళ్లకు చెవులు యాడుంటాయో ఏమో!”

“నీ మంచి బండ ఒకే మాట చెప్తుంది మక్బూల్ భాయ్. ఇది చూడు, రెండు చెప్తుంది” అని శ్రీవిద్య ఒక బండను తాడుకు వేలాడదీసి, చిన్న చెక్క సుత్తితో అంచున తట్టింది. మొదట బొద్దు మోత, దాని వెనకే సన్నగా ఇంకొకటి. ఆ రెండోది పూర్తిగా చచ్చిపోయేదాకా ఊపిరి బిగబట్టి విన్నది. మక్బూల్ కూడా విన్నాడు, తల గోక్కున్నాడు, రంపం వేయించాడు.

నాపరాళ్లు, ఎండు సొరకాయలు, నూనె డబ్బాలు, మగ్గం పలకలు, వీటితో కచేరీలు చేసే మనిషి ఆమె. బెంగుళూరు పత్రికలు ఆమెను ప్రయోగాత్మక వాద్య కళాకారిణి అని రాస్తాయి. ప్రొద్దుటూరులో గురురాజారావు పంతులు కూతురు రాళ్లు కొడుతుందట అని చెప్పుకుంటారు. రెండూ నిజమే కాబట్టి ఆమె దేనికీ నొచ్చుకోదు. నొచ్చుకునేది ఒక్కదానికే. ఊరూరా ఇన్ని కచేరీలు చేసినా, తండ్రి ఒక్కదానికీ వచ్చి కూర్చోలేదు. వచ్చే ఆదివారం బెంగుళూరులో కొత్త కచేరీ ఉంది. ఈసారైనా ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టుకోవాలని ఆమె కోరిక. బండలు కొనడానికని వచ్చింది కానీ, అసలు వచ్చిన పని అది.

*

డోలు వాయించే హుమాయున్ ఇల్లు జమ్మలమడుగులోనే, దర్గా వెనక సందులో. శ్రీవిద్య వెళ్లేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని వేళ్ల తొడుగులు ఎండబెట్టుకుంటున్నాడు. పాత గుడ్డ పీలికల్ని మైదాపిండిలో ముంచి వేళ్లకు చుట్టి చేసే తొడుగులవి. ఎండితే రాయిలా గట్టిపడతాయి. కుడిచేతి వేళ్లకు అవి, ఎడమచేతికి పొట్టి కర్ర, ఇవి ఉంటేనే పెళ్లిడోలు పలుకుతుంది. పక్కన కొడుకు నూరుల్లా నాదస్వరం పీకలు తడిపి చూసుకుంటున్నాడు.

“వచ్చినావా పాపా” అన్నాడు హుమాయున్. లేవబోయి, కుడి జబ్బ పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

“ఏమైంది మామా?”

“జబ్బ పట్టేసిండాది. చెయ్యి ఈడికి మించి లెయ్యదు” అని రొమ్ము దాకా ఎత్తి చూపించాడు. “ఎల్లుండి పులివెందలలో పెండ్లి. మీ నాయన చేయించల్ల, నేను వాయించల్ల.”

“ఇంకో డోలాయన్ని పిలుచుకోరాదా?”

నూరుల్లా నవ్వాడు. “మాకుండే రెండో మనిషి ముద్దనూరు కాడ కరెంటు ఫ్యాక్టరీలో పనికి కుదిరినాడక్కా. వేరే ఎవురినన్నా తెద్దామంటే నాయన ఒప్పుకోడు. పంతులు సామి ఒప్పుకోడంట.”

“సామికి నేనే కావల్ల” అన్నాడు హుమాయున్, గొప్పేమీ లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు. “పాపా, నువ్వు రా నాతో. తట్టుకున్నంత సేపు నేనే తట్టుకుంటా. మరీ మొరాయిస్తే గట్టిమేళం కాడ నువ్వు అందుకో.”

శ్రీవిద్య ఆ మాటకు నవ్వింది కానీ, లోపల ఏదో కదిలింది. చిన్నప్పుడు తండ్రి వెంట పెళ్లిళ్లకు పోయి ఆమె కూర్చునేది హుమాయున్ డోలు వెనకే. తాళిబొట్టు పెళ్లికొడుకు చేతికి ఇచ్చి తండ్రి కుడిచెయ్యి పైకెత్తేవాడు, చూపుడు వేలు మేళం వైపు చాపేవాడు. అంతే, డోలు పిడుగులా విరుచుకుపడేది. తుమ్ము, ఏడుపు, చెడ్డ మాట ఏదీ ఆ క్షణాన పెళ్లికూతురి చెవిన పడకూడదని ఆ గట్టిమేళం. అంతమందిలో ఆ వేలు చూసే మనిషి ఒక్కడే ఉంటాడు, అతడే లేకపోతే పెళ్లే లేదు. ఆ వేలు ఒక్కసారి తన వైపు చాస్తే చాలని ఆ పిల్లకు ఎంత ఆశగా ఉండేదో! పెద్దపిల్లవైనావు, మేళం దగ్గర కూర్చోవద్దని తండ్రే ఒకరోజు అక్కడి నుంచి లేపేశాడు. డోలు నేర్చుకోవడం మానలేదు, హుమాయున్ ఇంటికి పోయి నేర్చుకుంది. ఆశ కూడా మానలేదు. ఇంత వయసొచ్చి, ఇన్ని ఊళ్లు తిరిగినా అది అట్లాగే ఉంది.

“నన్ను డోలు ముందర చూస్తే నాన్న పీటల మీద నుంచి లేచి పోతాడు మామా.”

“పోడు. తొడుక్కో, చూద్దాం.”

ఆమె తొడుగులు తొడుక్కుని, డోలు ఒళ్లోకి లాక్కుంది. చేతులు మరిచిపోలేదు. సందులో మేసే కోళ్లు చెల్లాచెదురయ్యాయి. హుమాయున్ కళ్లు మూసుకుని విని, తల పంకించి, ఒక్క మాట చెప్పాడు.

“నోరు చూడొద్దు. చెయ్యి చూడు. మంత్రం కోసరం కాసుకోనుండొద్దు. సామి చెయ్యి లేస్తే వాయించు, దిగితే ఆపు.”

“మంత్రం ఎత్తుకున్నాకే కదా చెయ్యి లేచేది?”

“చెయ్యి చూడమంటి గదా!” అన్నాడు ఆయన కాస్త గట్టిగా. హుమాయున్ గొంతు పెంచడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పాఠం కాబట్టి తల ఊపింది.

*

గురురాజారావు ప్రొద్దుటూరు మెయిన్ బజారు వెనక మేడ మీది రెండు గదుల్లో బాడుగకు ఉంటాడు. భార్య పోయినప్పటి నుంచి వంట ఆయనే. ఊళ్లో కోమట్ల ఇళ్లలో పెళ్లంటే ముందు ఆయన దగ్గరికి వచ్చి, ఆయన తీరిక చూసుకుని ముహూర్తం పెట్టించుకునేవాళ్లున్నారు. మంత్రంలో ఒక్క అక్షరం జారదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

“మళ్లీ రాళ్లేనా?” అన్నాడు కూతురిని చూడగానే. “రాళ్లు కొట్టేదానికి బెంగుళూరు దాకా పోవల్లా? మక్బూల్ కాడ కూలికి చేరితే సరిపోదా?”

“అక్కడ చీర పెడతారు నాన్నా, శాలువా కప్పుతారు.”

“కప్పుతారు, కప్పుతారు. తలకాయ మీద కప్పుతారు, గమ్మున ఉంటావని.”

ఆయన హుషారుగా ఉన్నప్పుడే అడగాలని శ్రీవిద్య వడ్డన దగ్గరే ఎత్తుకుంది. “వచ్చే ఆదివారం నాన్నా. కారులో తీసుకుపోతాను, కారులో తెచ్చి దింపుతాను. ముందు వరసలో మెత్తటి కుర్చీ.”

ఆయన పప్పు కలుపుకుంటూ ఆగాడు. “ఆదివారం కమలాపురంలో పెండ్లి ఒప్పుకునిండా.”

“ఎప్పుడూ ఏదో ఒక పెళ్లి ఉంటుంది.”

“ఉండకుంటే తినేదేంది?”

అక్కడితో ఆ మాట అయిపోయింది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆమె ఆ సంగతి అంటే, నీకు నాలుక పాడైందని కసిరాడు. ఆమె మజ్జిగ పోసుకుంది.

తెల్లవారి ఆమె లేచేసరికి ఆయన దేవుడి గూటి ముందు కూర్చుని మంత్రం చెప్పుకుంటున్నాడు. ఆమె గదిలోకి అడుగు పెట్టిందో లేదో, ఆ గొంతు మధ్యలో ఆగిపోయింది. ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఆయన వెనక్కి తిరగలేదు, మళ్లీ మొదలుపెట్టలేదు. తన అలికిడి కూడా గిట్టడం లేదనుకుని శ్రీవిద్య మేడ మెట్ల మీదికి పోయి కూర్చుంది. రాతి లోపలి నెర్రెను వేలితో పట్టుకునే మనిషికి, ఆ మౌనంలో తన మీద కోపమే వినిపించింది.

మధ్యాహ్నం ఆయన పెళ్లి సంచి సర్దుకుంటున్నాడు. దర్భలు, పసుపు, కంకణాలకు దారం. పెళ్లిపత్రిక సంచిలో పెట్టాడు, తీసి చూశాడు, మళ్లీ పెట్టాడు.

“పెండ్లికూతురి పేరేమన్నావ్?”

“నేనేం అనలేదు. పూజ. పత్రికలోనే ఉంది కదా.”

“ఆ, పూజ.”

కాసేపటికి మళ్లీ అడిగాడు. ఆమె బండలకు తాళ్లు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, విసుగ్గానే చెప్పింది. తర్వాత హుమాయున్ జబ్బ సంగతి చెప్పింది.

గురురాజారావు చేతిలోని దారపు ఉండ కిందపడి గదిలో దొర్లుకుంటూ పోయింది. “వస్తాడా, రాడా?”

“వస్తానన్నాడు. రాలేకపోతే వేరే డోలు...”

“వేరే డోలా?” ఆయన ముఖం పాలిపోయింది. “హుమాయున్ లేకుంటే నేనూ పోను. పెండ్లికూతురి నాయన రాఘవేంద్రప్రసాద్‌కు ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా. నేను రానంటే రాను.”

శ్రీవిద్య తాడు వదిలేసి తలెత్తింది. ఇన్నేళ్లూ ఆయనకు మంత్రం తప్ప ఏ మోతా చెవికెక్కదని సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఎక్కుతుందన్నమాట! ఒక డోలు కోసం పెళ్లే వదులుకునేంతగా ఎక్కుతుంది. ఎక్కనిది తన రాళ్ల మోతే. డెబ్బై ఏళ్ల హుమాయున్ మీద చిన్నపిల్లలా అసూయపడింది. దారపు ఉండ ఏరి తండ్రి చేతిలో పెట్టి, “వస్తాడులే. నేనూ వస్తాను, కారులో పోదాం” అంది.

*

పులివెందుల కళ్యాణమండపం ముందు కాగితం పూల కమాను, దాని వెనక పొగ చిమ్మే మిషను. రాఘవేంద్రప్రసాద్‌కు ఊళ్లో మూడంతస్తుల బట్టల అంగడి. ఉన్నది ఒక్కతే కూతురు, అందుకని పెళ్లిని ఈవెంటువాళ్లకు అప్పగించాడు. ఆ ఈవెంటు కుర్రాడు సునీల్ చెవిలో ఒక తీగ, చేతిలో ఒక తీగ పెట్టుకుని అందరినీ ఎక్కడెక్కడ నిలబడాలో చెప్తున్నాడు. పురోహితుడి ఉత్తరీయానికి కూడా చిన్న మైకు గుచ్చాడు.

“అయ్యవారి మాట హాలంతా వినపడల్ల సార్. లైవులో దుబాయిలో ఉండే చుట్టాలు కూడా వింటాండారు” అన్నాడు.

మేళం వాళ్లకు మాత్రం భోజనాల హాలు పక్కన, చేతులు కడుక్కునే తొట్ల దగ్గర చాప వేశారు. హుమాయున్, నూరుల్లా పొద్దున మొదటి బస్సుకు దిగి, ఆ చాప మీదే కూర్చుని ఉన్నారు. చేతులు కడిగినవాళ్లు విదిలించిన నీళ్లు డోలు మీద పడుతుంటే హుమాయున్ తుండుగుడ్డ కప్పాడు.

“వీళ్లనెందుకు ఇక్కడ కూర్చోబెట్టినారు?” అని శ్రీవిద్య సునీల్‌ని నిలదీసింది.

“ఆచారానికి ఉండనీండి మేడమ్. ముహూర్తానికి మా కాడ ట్రాక్ ఉండాది, చెన్నైలో రికార్డు చేసినేది. బటన్ నొక్కితే గట్టిమేళం. వీడియోకు నీట్‌గా వస్తాది.”

ఆ మాట పీటల దగ్గరున్న గురురాజారావు చెవిన పడింది. ఆయన దర్భలు పళ్లెంలో పెట్టి లేచి నిలబడ్డాడు. పెద్దగా అరవలేదు, కానీ గుచ్చిన మైకు ఆయన మాటను హాలంతా వినిపించింది.

“రాఘవేంద్రా, మేళం నా కంటికి కనపడల్ల. కనపడకుంటే ఈ పెండ్లి నేను చెయ్యను.”

కుర్చీల్లో వాళ్లు తలలు తిప్పారు. రాఘవేంద్రప్రసాద్ చెమట తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, సునీల్‌ని కసిరి, మేళాన్ని వేదిక మీదికి పిలిపించాడు. హుమాయున్ పీటలకు ఎదురుగా, పురోహితుడికి నేరుగా కనబడేటట్టు చాప వేసుకున్నాడు. శ్రీవిద్య ఆయన వెనక, చిన్నప్పుడు కూర్చున్న చోటే కూర్చుంది. తండ్రి చూశాడు. లెమ్మనలేదు.

జీలకర్రా బెల్లం పెట్టించే వేళకు ఆయన చెయ్యి లేచింది. మంత్రం పూర్తిగా ఎత్తుకోకముందే, కొంచెం తొందరగానే లేచిందనిపించింది ఆమెకు. హుమాయున్ పళ్లు బిగించి అందుకున్నాడు. తెర దించారు, అక్షింతలు పడ్డాయి, పెళ్లికూతురు పూజ తలవంచుకుని నవ్వింది. చెయ్యి దిగింది, డోలు ఆగింది. హుమాయున్ నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది. కుడిచెయ్యి ఎత్తబోయాడు. ఒళ్లోంచి లేవలేదు.

“అయిపాయ పాపా” అన్నాడు మెల్లిగా. తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి ఆమె వేళ్లకు తొడిగాడు. పట్టీ ఆమె మెడలో వేశాడు. ముందు వరసలో ఆడవాళ్లు గుసగుసలు పోయారు.

“ఆయమ్మ డోలు కొడ్తాదా?”

“పంతులు కూతురు గదా! ఇదేం చోద్యమమ్మా!”

తాళిబొట్ల పళ్లెం పెద్దలందరి చేతులూ తాకి తిరిగి వచ్చింది. గురురాజారావు తాళి తీసి పెళ్లికొడుకు చేతికిచ్చాడు. అప్పుడు తలెత్తి చూశాడు. డోలు ముందర హుమాయున్ లేడు, కూతురుంది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఇప్పుడు లెమ్మంటాడని, ఇంతమందిలో ఇంకోసారి తనను లేపేస్తాడని శ్రీవిద్య కర్ర గట్టిగా పట్టుకుంది.

పెళ్లికొడుకు తాళిని పూజ మెడకు చుట్టి పట్టుకుని మంత్రం కోసం ఆగాడు. “మాంగల్యం” అన్నాడు గురురాజారావు. మైకులో ఆ మాట హాలంతా మోగింది. తర్వాత ఏమీ రాలేదు.

పెదవులు కదిలాయి. మాట లేదు. ఇంకోసారి కదిలాయి. ముందు వరసలో ఒకరిద్దరు మెడలు నిక్కించారు. సునీల్ తీగలో ఏదో అంటున్నాడు. గురురాజారావు కుడిచెయ్యి లేచింది. చూపుడు వేలు చాచాడు, నేరుగా శ్రీవిద్య వైపు.

ఎన్నేళ్లుగానో ఆమె ఎదురుచూసిన వేలు. దాని వెనకనున్న కళ్లు కూడా చూసింది. ఆ కళ్లలో కూతురిని మెచ్చుకోవడం లేదు, ఒప్పుకోవడం లేదు. తప్పిపోయిన పిల్లవాడి భయం ఉంది. నోరు చూడొద్దు, చెయ్యి చూడు. హుమాయున్ ఎందుకు గొంతు పెంచాడో ఆమెకు అప్పుడు తెలిసింది. దేవుడి గూటి ముందు ఆగిన గొంతు, పప్పులో ఉప్పు, పెళ్లికూతురి పేరు, అన్నీ ఒక్కసారి తెలిసి ఆమె డోలు మీద పడింది.

జీవితమంతా మెల్లటి మోతలు పోగుచేసుకున్న మనిషి. ఒక రాయి మోగి ఆరిపోతుంటే ఆ చివర వినడానికే వందమందిని కూర్చోబెట్టిన మనిషి. ఇప్పుడు ఆమెకు ఒకటే పట్టుదల, ఈ హాల్లో ఎవరికీ ఏదీ వినబడకూడదు. కర్ర విరిగినా సరే. నూరుల్లా నాదస్వరం పైస్థాయికి ఎత్తుకున్నాడు. ఎక్కడో సునీల్ ట్రాకు మొదలైంది, అది మోగుతున్నట్టు కూడా ఎవరికీ తెలియలేదు. అక్షింతలు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఎగిరాయి.

మూడు ముళ్లు పడేపాటి సేపు గడిచింది. కానీ ముళ్లు పడలేదు. పెళ్లికొడుకు తాళి దారం మెడ వెనక పట్టుకుని పంతులు తల ఊపడం కోసం చూస్తున్నాడు. మంత్రం చెప్పకుండా ముడి వేయించే మనిషి కాదు గురురాజారావు. ఆయన చెయ్యి పైనే ఉంది. ఆయన లోపల వెతుక్కుంటున్నాడు.

“ఆపొద్దు” అన్నాడు హుమాయున్ ఆమె చెవి దగ్గర.

ఆపలేదు. జబ్బలు మండాయి, ఒక తొడుగు ఊడి ఎగిరిపోయింది, వట్టి వేలితోనే కొట్టింది. వెతుక్కో నాన్నా, తొందరేం లేదు, నేనున్నాను. నోటితో ఎప్పుడూ అనలేని మాట అది, డోలు మీద ఎన్నిసార్లు అన్నదో! చూస్తుండగానే ఆయన పెదవులు కుదుటపడ్డాయి. ఒక మాట, దాని వెనక ఇంకొకటి, గబగబా, చివరిదాకా. తల ఊపాడు. ముళ్లు పడ్డాయి. చెయ్యి దిగింది.

డోలు ఆగింది. హాలంతా చప్పట్లు. రాఘవేంద్రప్రసాద్ రెండు చేతులూ జోడించి ఎదురొచ్చాడు. “అమ్మా, ఇంతసేపు గట్టిమేళం నేను పుట్టినాక యాడా విన్లే. శానా బాగా వాయించినావు!” గుసగుసలు పోయిన ఆడవాళ్లు కూడా తలలు ఊపుతున్నారు. సొంత జిల్లాలో ఆమెకు దక్కిన మొదటి మెప్పు. శ్రీవిద్య నవ్వడానికి ప్రయత్నించి, నెత్తురు కారుతున్న వేలిని చీర కొంగుకు చుట్టుకుంది.

*

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర హుమాయున్ ఆమె వేలి మీద నీళ్లు పోశాడు.

“ఎన్నాళ్లుగా మామా?”

“శానా నాళ్లే అయ్యిండాది. ముందర ఎప్పుడో ఒగసారి. ఇప్పుడు ప్రతి పెండ్లికీ.”

“నాతో ఒక్క మాట చెప్పి ఉండరాదా? చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడా?”

“ఒట్టెందుకు పాపా? దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోనే లేదు. చెయ్యి లేస్తాది, నేను కొడ్తా. అంతే.” ఆయన ఆమె వేలిని తన తుండుగుడ్డతో తుడిచాడు. “సామి నాకోసరం పెండ్లి వదులుకుంటాడని ఊరంతా అనుకుంటాది. నా పేరు నిలబెట్టినాడు. ఆయప్ప పేరు నేను నిలబెట్టినా. ఇంగ నా చెయ్యి పనికి రాదు గదా.”

శ్రీవిద్య తొట్టి అంచు పట్టుకుని ఏడ్చింది. నిన్న విసుగ్గా చెప్పిన పేరు కోసం, మెట్ల మీద కూర్చుని పడిన ఉక్రోషం కోసం. భోజనాల హాల్లో అరిటాకులు పరుస్తున్నారు. హుమాయున్ ఆమెకు ఎవరూ కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

*

తిరుగుదారిలో కారు ముద్దనూరు దాటింది. గురురాజారావు చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి శనగ చేలు చూస్తున్నాడు. ఎండ వాలుతోంది.

“విద్యా” అన్నాడు ఉన్నట్టుండి.

“ఏం నాన్నా?”

“కమలాపురం వాళ్లకు ఫోన్ చేసి చెప్పు, నేను రాలేనని. వేరే వాళ్లను చూసుకోమను.”

“ఎందుకు?”

“ఆదివారం నీ కచేరీ అంటివి గదా.”

రెండు రోజుల కింద అడగ్గానే ఈ మాట వచ్చి ఉంటే శ్రీవిద్య కారు ఆపి గంతులేసేది. కోరుకున్నది కోరుకున్నట్టే దక్కింది, ఆమె కారు మాత్రం ఆపలేదు. ఆయన పెళ్లిళ్లు మానుకుంటున్నాడు. ఆ సంగతి నేరుగా అనలేక, కూతురి కచేరీ పేరు పెట్టి అంటున్నాడు. పెళ్లికూతురి పేరు నిలవని ఆ తలలో ఆదివారం మాత్రం నిలిచి ఉంది.

“సరే నాన్నా. చెప్తా.”

“యాడ కూర్చోవల్ల నేను?”

“ముందర. నా కంటికి కనపడల్ల నువ్వు.”

తన మాటే తనకు తిరిగొచ్చిందని ఆయనకు తెలిసింది. మీసం కింద చిన్నగా నవ్వాడు. “చెయ్యి ఎత్తల్లా ఏంది?”

“ఎత్తు. నీకెప్పుడు బుద్ధి పుడితే అప్పుడు.”

దారిలో ఒక లారీ ఎదురొచ్చి, దుమ్ము లేపి పోయింది. ఆయన అద్దం ఎత్తుకున్నాడు.

“పెండ్లికూతురి పేరేమన్నావ్?”

“పూజ.” ఈసారి ఆమె ఆయన వైపు తిరిగి, నెమ్మదిగా, ఇప్పుడే మొదటిసారి అడిగినట్టు చెప్పింది.

“ఆ, పూజ. మంచి పిల్ల.”

ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. చక్రాలు ఎక్కి దిగగానే డిక్కీలో బండలు ఒకదానికొకటి తగిలి మోగాయి. గురురాజారావు మెడ వెనక్కి తిప్పి చెవి ఒగ్గాడు.

“ఏందది?”

“నా రాళ్లు.”

“దాంట్లో ఒగటి పగిలిండాది.”

“తెలుసు నాన్నా. తెలిసే తెచ్చుకున్నా.”

మోత పూర్తిగా ఆరిపోయేదాకా అట్లాగే మెడ తిప్పి కూర్చున్నాడు. తర్వాత ముందుకు తిరిగి, “ఇంగోసారి మోగనీ” అన్నాడు.

ముందర బడి దగ్గర ఇంకొక స్పీడ్ బ్రేకర్ ఉంది. శ్రీవిద్య మామూలుగా అక్కడ బండి బాగా మెల్ల చేస్తుంది. ఆ పొద్దు చెయ్యలేదు.